పాత మొబైల్ క్రేన్లలో ఏది ఏ పనికి: టెక్కలి–ఇచ్ఛాపురం–బరంపురం ప్రాంతపు రోజువారీ లిఫ్టింగ్ పనులకు ఒక పోలిక

టెక్కలి నుంచి ఇచ్ఛాపురం వరకు, అక్కడి నుంచి సరిహద్దు దాటి పర్లాకిమిడి, బరంపురం దాకా క్రేన్‌తో పడే పనులు చాలావరకు చిన్నవే, కానీ ఏడాది పొడవునా ఉంటాయి. గ్రానైట్ బ్లాకును ట్రైలర్ మీదికి ఎక్కించడం, పలాసలో జీడిపప్పు పరిశ్రమకు వచ్చిన బాయిలర్‌ను దించడం, రైసు మిల్లు షెడ్డుకు ఇనుప ట్రస్సులు (పైకప్పును మోసే చట్రాలు) నిలబెట్టడం, జనరేటర్‌ను దిమ్మ మీద కూర్చోబెట్టడం, తుఫాను వెళ్లిన మర్నాడు రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను, కరెంటు స్తంభాలను తొలగించడం వంటివి. ఇటువంటి పనులకు కొత్త క్రేన్లు వచ్చేది తక్కువ. వచ్చేవి పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఐదేళ్లు పనిచేసిన బండ్లే. వాటిలో దేనిని అద్దెకు తెప్పించుకోవాలో, కొనదలిస్తే దేనిని కొనాలో తేల్చుకోవలసినవారి కోసం ఇది రాస్తున్నాను. మొదట ఖలాసీగా, తరువాత ఆపరేటర్‌గా, ఇప్పుడు రెండు పాత బండ్ల యజమానిగా ఇరవయ్యేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను కనుక, నా అభిప్రాయాలను కూడా దాచుకోకుండా చెబుతాను.

క్రేన్ కోసం ఫోను చేసేవారిలో ఎక్కువమంది ముందుగా అడిగేది "ఎన్ని టన్నుల బండి ఉంది?" అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో ఏ నిర్ణయమూ చేయలేము. బండి మీద రాసి ఉన్న టన్నుల అంకె, బూమ్‌ను, అంటే క్రేన్ చేతిని, పూర్తిగా ముడిచి, బరువును బండికి వీలైనంత దగ్గరగా పట్టుకున్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. బరువు దూరం జరిగే కొద్దీ ఎత్తే శక్తి వేగంగా పడిపోతుంది. సంతలో కాటా పట్టుకున్నవారికి ఇది తెలిసిన సంగతే: ఆనిక దగ్గర వేలాడే పది కిలోలను అవతలి కొసన ఉన్న రెండు కిలోలు ఆపగలవు. హైడ్రాకు, అంటే బరువును ఎత్తి మోసుకుంటూ నడిచే చిన్న క్రేన్‌కు, ముందు చక్రాల వరుస ఆ ఆనిక. ట్రక్ క్రేన్‌కు ఔట్‌రిగ్గర్ల, అంటే పక్కలకు చాచి నేల మీద ఆనించే కాళ్ల, అంచు ఆ ఆనిక. అందువల్ల అడగవలసినది, "నా బరువు ఇంత, దానిని ఇంత దూరంలో, ఇంత ఎత్తున పెట్టాలి, మీ బండి లోడ్ చార్టులో ఆ చోట ఎంత రాసి ఉంది?" అని. ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే పట్టికే లోడ్ చార్టు.

ఈ తేడా ఎంత దూరం వెళుతుందో టెక్కలి పరిసరాల్లోని గ్రానైట్ యార్డులోనే చూడవచ్చు. ఒక నీలి గ్రానైట్ బ్లాకు పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.5, ఎత్తు 1.2 అనుకుందాం. గుణిస్తే 4.32 ఘనపు మీటర్లు వస్తుంది. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది గనుక, ఆ బ్లాకు బరువు 11.6 టన్నులు దాటుతుంది. దానికి హుక్కు బ్లాకు, గొలుసుల బరువు కలపాలి. సరిగ్గా ఇలాంటి బ్లాకు దగ్గరకు ఒకసారి నన్ను పిలిచినప్పుడు, యార్డు మేస్త్రీ "ఎనిమిది టన్నులు ఉంటుంది లెండి" అన్నాడు. నేను టేపు తెప్పించి, బ్లాకు మూడు వైపులా కొలిచి, సుద్దముక్కతో దాని మీదే లెక్క వేసి చూపించాను. నా బండి 12 టన్నుల హైడ్రా. బరువు 12 టన్నులకు లోపే కదా అని వారి వాదన. అయితే ట్రైలర్ వెడల్పు రెండున్నర మీటర్లు. బ్లాకు దాని మధ్యలో కూర్చోవాలంటే, ట్రైలర్ అంచుకు, నా ముందు టైర్లకు మధ్య కనీసపు ఎడం కలుపుకుని, బరువు నా టైర్ల కన్నా దాదాపు 2 మీటర్లు ముందు ఉండాలి. ఆ దూరంలో నా చార్టు 12 టన్నులకు ఒప్పుకోదు. ఆ పని నేను చేయలేదు.

అటువంటప్పుడు యార్డుల్లో వెంటనే వచ్చే సలహా "ఇంకో హైడ్రా తెప్పించి రెండూ కలిపి లేపుదాం" అన్నది. దానిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. రెండు బండ్లు బరువును సగం సగం పంచుకుంటాయని అనుకోవడం పొరపాటు. ఒకరు అర క్షణం ముందు లేపినా, ఒక బండి చక్రం చిన్న గోతిలో దిగినా, బరువులో పెద్ద వాటా రెండోదాని మీదికి ఒక్కసారిగా వెళుతుంది. రెండు క్రేన్లతో ఎత్తడం తప్పనిసరి అయితే ముందే రాసుకున్న ప్రణాళిక, ఇద్దరు ఆపరేటర్లకూ ఒక్కరే సిగ్నల్‌మ్యాన్, ప్రతి బండికీ చార్టు సామర్థ్యంలో బాగా తగ్గించిన వాటా ఉండాలి. రోజువారీ పనుల్లో అంత ఏర్పాటు ఎవరూ చేయరు. క్వారీలో డెర్రిక్ (ఒకే చోట నిలిపి ఉంచిన స్తంభపు క్రేన్) ఉంటే దానితో ఎక్కించడమో, పెద్ద క్రేన్‌ను ఒక పూట తెప్పించుకోవడమో మేలు.

హైడ్రాలు: పాతవి, కొత్త తరంవి

హైడ్రా అన్నది ఎస్కార్ట్స్ బండ్ల పేరు. మన దగ్గర ఏ కంపెనీ బండినైనా అలాగే పిలుస్తారు. బరువును ఎత్తి, ఎత్తినట్టే మోసుకుంటూ నడవగలగడం దీని ప్రధానమైన సుగుణం. ఔట్‌రిగ్గర్లు చాచుకునే పని లేదు. వచ్చిన పది నిమిషాల్లో పని మొదలుపెట్టవచ్చు. పలాస–కాశీబుగ్గలోని ఇరుకు సందుల్లో ఉన్న పరిశ్రమల్లోకి మరో రకం క్రేన్ చాలాచోట్ల దూరనే దూరదు. గట్టి నేల మీద, మూడు నాలుగు టన్నుల లోపు బరువును దగ్గరగా పట్టుకుని, ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడమే మీ పని అయితే, మంచి స్థితిలో ఉన్న పాత హైడ్రా సరిపోతుందని నిస్సంకోచంగా చెప్పగలను.

దాని లోపాలు కూడా అంతే స్పష్టంగా తెలుసుకోవాలి. బూమ్ పక్కలకు తిరగదు. బండి నడుము దగ్గర విరిగి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో బరువు పక్కకు జరగడంతో బండి నిలకడ తగ్గుతుంది, తిన్నగా ఉన్నప్పుడు సులువుగా మోసిన బరువే నడుము విరిచినప్పుడు బండిని పక్కకు పడేయగలదు. నేల ఒక పక్కకు వాలుగా ఉంటే, ఒక టైరులో గాలి తక్కువగా ఉంటే ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది. పైగా పాత నమూనాల్లో ఆపరేటర్ వెనుక కూర్చుంటాడు, కళ్ల ముందు బూమ్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాల దగ్గర ఏముందో అతనికి సరిగా కనిపించదు. ఊగుతున్న బరువును చేత్తో పట్టుకుని, చక్రం పక్కనే నడుస్తూ వెళ్లడం మా ఖలాసీలకు అలవాటు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక షెడ్డు పనిలో, నాతో పాటు ఇనుప దూలాన్ని అలా పట్టుకుని నడుస్తున్న మిత్రుడి ఎడమ పాదం ముందు చక్రం కిందికి వెళ్లింది. ఆపరేటర్‌కు అతని కేక వినిపించిన తరువాతే బండి ఆగింది. ఆనాటి నుంచి నా బండ్ల దగ్గర బరువును చేత్తో ముట్టనివ్వను. రెండు కొసలకూ గైడ్ తాళ్లు కట్టి దూరం నుంచి పట్టుకోవలసిందే. బరువు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులోనే ఉండాలి, బూమ్ ముడిచి ఉండాలి, బండి మనిషి నడక కన్నా వేగంగా వెళ్లకూడదు, టైరుకు, బరువుకు మధ్యకు ఎవరూ రాకూడదు.

ఈ దృష్టి లోపాన్ని సరిచేస్తూ క్యాబిన్‌ను ముందుకు తెచ్చిన బండ్లను మన ఆపరేటర్లు ఫరానా అంటారు. అవీ ఇప్పుడు పాతవై సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ధర, అద్దె రెండూ పాత హైడ్రా కన్నా ఎక్కువే. అయినా కొనేవారికి నా సలహా ఫరానా వైపే. పెద్ద ప్రాజెక్టు సైట్లలో చాలాచోట్ల పాత రకం హైడ్రాను గేటు లోపలికి రానివ్వడం లేదు గనుక, చవకగా కొన్న బండి రేపు పెద్ద పని వచ్చినప్పుడు గేటు బయటే ఆగిపోతుంది. ఒక పూట పనికి అద్దెకు తెచ్చుకునేవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. మంచి సిగ్నల్‌మ్యాన్ ఉంటే పాత హైడ్రాతో గడుస్తుంది.

దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హైడ్రా రోడ్డు మీద నెమ్మదిగానే నడుస్తుంది. పలాస నుంచి బరంపురం వరకు డెబ్భై ఎనభై కిలోమీటర్లు దానిని నడిపించుకుని వెళితే ఒక పూట 16వ నంబరు జాతీయ రహదారి మీదే గడిచిపోతుంది, టైర్ల అరుగుదల వేరు. అటువైపు పని ఉంటే అక్కడి బండినే తీసుకోవడం మంచిది.

ట్రక్ క్రేన్

గోడ అవతలికి దించాలన్నా, రెండో అంతస్తు మీద నీళ్ల ట్యాంకు పెట్టాలన్నా, ట్రస్సును పట్టుకుని బోల్టులు బిగించేదాకా నిలబెట్టాలన్నా ఔట్‌రిగ్గర్లు ఉన్న, చుట్టూ తిరిగే బూమ్ ఉన్న ట్రక్ క్రేనే కావాలి. మన ప్రాంతంలో తిరిగే పాతవాటిలో టిల్ సంస్థ ఇక్కడ తయారు చేసిన కోల్స్ రకం బండ్లు, జపాన్ నుంచి వాడినవిగా దిగుమతి అయిన టడానో, కాటో బండ్లు ఉంటాయి. హైడ్రాతో పోల్చేటప్పుడు ఇక్కడ ఒక చిక్కు ఉంది. ట్రక్ క్రేన్ చార్టులో రేడియస్‌ను, అంటే బరువు ఉన్న దూరాన్ని, బూమ్ తిరిగే కేంద్రం నుంచి కొలుస్తారు. హైడ్రా చార్టుల్లో చాలావాటిలో ముందు చక్రాల దగ్గరి నుంచి కొలిచి ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పు నిర్ణయానికి వస్తాం. 20 టన్నుల ట్రక్ క్రేన్ అంటే సాధారణంగా కేంద్రం నుంచి 3 మీటర్ల దగ్గర 20 టన్నులు అని అర్థం. ఔట్‌రిగ్గర్లు చాచి, వాటిని దాటి పక్కనున్న ట్రైలర్ మధ్యకు చేరేసరికి రేడియస్ 5, 6 మీటర్లు అవుతుంది. పైన చెప్పిన గ్రానైట్ బ్లాకును అంత దూరంలో 20 టన్నుల బండి ఎత్తగలదని ఊహించుకోకూడదు. చార్టు తెరిచి చూస్తే చాలాసార్లు ఇంకా పెద్ద బండి అవసరమని తేలుతుంది.

చార్టు ఏ దేశపు పద్ధతిలో రాసినదో కూడా చూడాలి. అమెరికా పద్ధతిలో ఔట్‌రిగ్గర్ల మీద బండి ఒరిగే బరువులో 85 శాతాన్ని, టైర్ల మీద, క్రాలర్ల (ఇనుప పట్టాల మీద నడిచే క్రేన్ల) మీద 75 శాతాన్ని అనుమతి పరిమితిగా రాస్తారు. అంటే ఒకే అంకె రాసి ఉన్న రెండు చార్టుల్లో ఒరగడానికి మిగిలిన వెసులుబాటు ఒకటే కానక్కరలేదు. అలాగే చాలా పాత ట్రక్ క్రేన్లకు క్యాబిన్ మీదుగా ముందు వైపు ఎత్తడానికి అనుమతి ఉండదు, లేదా ముందు జాకీ వేస్తేనే ఉంటుంది. పక్కలకు ఒక సామర్థ్యం, వెనుకకు ఒక సామర్థ్యం రాసి ఉంటుంది. చార్టు పోయిందని, అదే మోడల్ ఇంకో బండి చార్టు తెస్తానని యజమాని అంటే ఆ బండిని నేను తీసుకోను. బూమ్ పొడవు, కౌంటర్ వెయిట్ (బండి ఒరగకుండా వెనుక పెట్టే బరువు) బండికీ బండికీ మారుతాయి.

ట్రక్ క్రేన్ ఎంపికలో సగం నిర్ణయం నేలదే. సోంపేట వైపు బీల (చిత్తడి) నేలల అంచున ఒక షెడ్డు పనిలో నాకు ఈ సంగతి బోధపడింది. పైకి ఎండి గట్టిగా కనిపించిన నేల మీద, ఔట్‌రిగ్గర్ కింద మామూలు చెక్కపలక వేసి ట్రస్సు లేపాము. బూమ్ పక్కకు తిరిగి ఆ కాలు మీదికి వచ్చిన క్షణంలో పలక అంచు నెమ్మదిగా మట్టిలో మునగడం చూశాను. అది కుంగింది నాలుగు వేళ్ల మందమే. అంత ఎత్తున బూమ్ కొస మాత్రం మూర దాకా పక్కకు వాలింది. ట్రస్సును వెంటనే నేలకు దించగలిగాం గనుక ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. బండి బరువు 24 టన్నులు, ఎత్తే బరువు 6 టన్నులు అనుకుంటే మొత్తం 30. బూమ్ ఒక మూల మీదికి తిరిగినప్పుడు అందులో నాలుగింట మూడు వంతులు, అంటే 22 టన్నులకు పైగా, ఆ ఒక్క కాలు మీద పడవచ్చు. కాలి కింది ఇనుప పళ్లెం 40 సెంటీమీటర్ల చతురస్రమైతే చదరపు మీటరుకు 140 టన్నుల ఒత్తిడి అన్నమాట. మెత్తని బంకమట్టి 10 టన్నులకు మించి భరించలేదనుకుంటే, ఆ ఒక్కో కాలి కింద ఒకటిన్నర మీటర్ల చతురస్రమంత గట్టి పరుపు, అడ్డంగా, నిలువుగా రెండు వరుసలుగా పేర్చిన మందపాటి స్లీపర్లతో వేయాలి. అది వేయలేకపోతే బండిని గట్టి నేలకు జరిపి, దూరం పెరిగింది గనుక పెద్ద బండిని తెప్పించుకోవాలి. కొత్తగా పూడ్చిన గొయ్యి, సెప్టిక్ ట్యాంకు, పైపులైను కందకం దగ్గర కాలు పెట్టకూడదు. కందకం ఎంత లోతు ఉందో కనీసం అంత దూరం, మెత్తని నేలైతే అంతకు రెట్టింపు దూరం ఉండాలి.

రఫ్ టెర్రెయిన్, క్రాలర్ రకాల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పవలసినది లేదు. పెద్ద టైర్ల రఫ్ టెర్రెయిన్ క్రేన్ మెట్ట, రాతి నేలల్లో చక్కగా పనిచేస్తుంది. ఎక్కువ దూరం తీసుకువెళ్లాలంటే ట్రైలర్ కావాలి. లాటిస్ బూమ్ (ఇనుప కమ్మీల జాలీతో అల్లిన బూమ్) ఉన్న పాత క్రాలర్‌ను విడి భాగాలుగా తెచ్చి, అక్కడ బిగించి, మళ్లీ విప్పాలి. ఒకే చోట నెలల తరబడి పని ఉంటే తప్ప దాని ఖర్చు తిరిగిరాదు. పాత ఫ్రిక్షన్ రకమైతే బరువును దించడమంతా ఆపరేటర్ కాలి బ్రేకు మీదే ఆధారపడి ఉంటుంది. వానకు, నూనెకు బ్రేకు లైనింగు తడిసి జారుతుంది. అలాంటి బండి మీద పెరిగిన పెద్దవయసు ఆపరేటర్ ఉంటేనే దానిని పిలిపించండి.

రెండు పాత బండ్లలో ఏది నమ్మదగినది

రకం తేల్చుకున్నాక, అదే రకంలో ఇద్దరు యజమానులు ముందుకు వస్తే బండి రంగును, మీటరు చూపే గంటలను పక్కన పెట్టి కొన్ని పరీక్షలు స్వయంగా చేయండి. చార్టులో అనుమతించిన బరువును నేల నుంచి అడుగు ఎత్తు లేపించి, ఇంజన్ ఆపించి పది నిమిషాలు చూడండి. హుక్కు కిందికి దిగుతుంటే రోపు చుట్టే వించ్ బ్రేకు, బూమ్ తనంతట తాను వంగుతుంటే సిలిండర్ సీళ్లో, నూనెను ఆపి ఉంచే హోల్డింగ్ వాల్వులో దెబ్బతిన్నాయని అనుమానించాలి. తరువాత వైర్ రోప్‌ను గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా నడిపించండి, తెగిన తీగలు గుడ్డకు పట్టుకుంటాయి. నడిచే రోపులో ఒక పోగు తాడు చుట్టూ ఒక చుట్టు తిరిగేంత పొడవులో ఆరు తీగలు, లేదా ఒకే పోగులో మూడు తీగలు తెగి ఉంటే, లేదా మందం 5 శాతం తగ్గి ఉంటే ఆ రోపు మార్చవలసినదే. సముద్రపు గాలి తగిలే మన తీరంలో రోపు పైకి బాగానే కనిపిస్తూ లోపల తుప్పు పడుతుంది గనుక, గ్రీజు కింద ఎర్రటి పొడి ఉందేమో ప్రత్యేకంగా చూడండి. బూమ్ వెల్డింగుల వెంట రంగు పగిలి, సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులు కావచ్చు. దాని మీద కొత్త రంగు వేసి ఉంటే అనుమానం ఇంకా పెరగాలి. హుక్కు నాలుక స్ప్రింగుతో మూసుకుంటుందా, హుక్కు బూమ్ కొసకు తగలకముందే లిమిట్ స్విచ్ ఆపుతుందా అన్నవి రెండు నిమిషాల్లో తేలిపోతాయి. పాత బండ్లలో లోడ్ ఇండికేటర్ తరచుగా పనిచేయదు. అది పనిచేసే బండికి కొంచెం ఎక్కువ అద్దె ఇవ్వడానికి నేను వెనకాడను.

పాత బండికి ఒక నిజమైన అనుకూలత కూడా ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమలైన ఉద్గార నిబంధనల తరువాత వచ్చిన ఇంజన్లలో ఎలక్ట్రానిక్ భాగాలు ఎక్కువ. అవి మొరాయిస్తే కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌తో వచ్చేదాకా బండి కదలదు. పాత ఇంజన్‌ను శ్రీకాకుళంలోనో బరంపురంలోనో డీజిల్ మెకానిక్ అదే రోజు విప్పి బాగుచేస్తాడు. దూరపు ఊళ్లలో పనిచేసేవారికి ఇది చిన్న సంగతి కాదు.

పత్రాల విషయంలో రాజీ పడకండి. ఎత్తే యంత్రాలను, గొలుసులను, రోపులను కనీసం 12 నెలలకు ఒకసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా పరీక్షించాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను నుంచి స్థిరపడిన నియమం. ఆ ధ్రువపత్రంలోని ఛాసిస్ నంబరును బండి మీది నంబరుతో సరిచూడండి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పంపేటప్పుడు బీమా, ఫిట్‌నెస్, ఆ రాష్ట్రపు పన్ను సరిగా ఉన్నాయో ముందు రోజే చూసుకోవాలి, లేకపోతే మీ బరువు ట్రైలర్ మీద ఎదురుచూస్తుండగా బండి తనిఖీలో ఆగుతుంది.

స్లింగులు (బరువుకు చుట్టి హుక్కుకు తగిలించే తాళ్లు, గొలుసులు) ఎవరు తేవాలో కూడా ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే క్రేన్ ఎంత మంచిదైనా బరువును పట్టుకునేది స్లింగే. రెండు కాళ్ల స్లింగు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలి మీద బరువులో 58 శాతం పడుతుంది, 45 డిగ్రీలకు 71 శాతం, 30 డిగ్రీలకు మొత్తం బరువంత పడుతుంది. పొట్టి స్లింగుతో వెడల్పాటి బాయిలర్‌ను లేపమంటే ఒప్పుకోని ఆపరేటర్ దొరికితే అతని నంబరు రాసి పెట్టుకోండి. 11, 33 కిలోవోల్టుల తీగలు దగ్గరగా ఉన్న స్థలమైతే బూమ్‌లోని ఏ భాగమూ వాటికి 3 మీటర్ల లోపుకు రాకుండా ముందే హద్దు గీసి, వీలైతే విద్యుత్ శాఖతో సరఫరా ఆపించండి.

నెలకు రెండు మూడుసార్లు మాత్రమే క్రేన్ అవసరమయ్యే మిల్లు యజమానులు పాత బండిని కొనవద్దన్నది నా అభిప్రాయం. కదలకుండా నిలబడిన బండిలో సీళ్లు ఎండిపోతాయి, రోపు డ్రమ్ము మీదే తుప్పు పడుతుంది, ఆపరేటర్ జీతం మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి. వారానికి నాలుగు రోజులు పని ఉండే గ్రానైట్ యార్డుకు సొంత ఫరానా, దానికి మించిన బ్లాకులకు తెలిసిన యజమాని నుంచి అద్దెకు పెద్ద ట్రక్ క్రేన్ సరిపోతాయి. అద్దె మాట్లాడేటప్పుడు వాన పడి నేల మెత్తబడితే ఆ రోజు పని ఆపే అధికారం ఆపరేటర్‌దేనని, ఆపిన గంటలకు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించండి. నా బండ్లకు నేను అదే రాయిస్తున్నాను.